దూరమా?

మన ఇళ్లలో గడప దాటే మనిషి "వెళ్తాను" అనడు, "వెళ్ళొస్తాను" అంటాడు. పక్క వీధికి ఉప్పు కోసం వెళ్లినా అంతే, పరాయి దేశానికి ఉద్యోగం కోసం వెళ్లినా అంతే. ఎవరైనా "వెళ్తా" అని ఊరుకుంటే, "వెళ్ళొస్తానను" అని అనిపించేదాకా ఇంట్లో పెద్దవాళ్లు వదలరు. ఈ పట్టింపు మనవాళ్లది మాత్రమే కాదు. ఈ పత్రిక చదివే మీలో తమిళనాడులో ఉన్నవాళ్లు పక్కింటివాళ్ల నోట "పోయిట్టు వరేన్" రోజూ వింటూనే ఉంటారు. కర్ణాటకలో ఉన్నవాళ్లకు "హోగి బర్తీని" తెలుసు. మరాఠీవాళ్లయితే వెళ్లడమన్న మాటనే మింగేసి "యేతో" అంటారు, వస్తానని. మా ఒడిశాలోనూ అంతే, "ఆసుఛి" అంటారు. బయటికి నడుస్తూ "వస్తున్నాను" అనే మనిషిని చూసి కొత్తవాడెవడైనా తికమకపడితే తప్పు పట్టనక్కర్లేదు.

ఇంకో పట్టింపు కూడా మీకు తెలిసే ఉంటుంది. బయల్దేరిన మనిషిని "ఎక్కడికి?" అని అడగకూడదు. అడిగితే వెళ్లిన పని చెడుతుందంటారు. అడక్కుండా ఉండలేం కదా! అందుకని మా అమ్మ తరం వాళ్లు "దూరమా?" అని అడిగేవాళ్లు. "ఆ, కొంచెం దూరమే" అనో, "అబ్బే, ఇక్కడికే" అనో జవాబు. ఎంత చెప్పదలచుకుంటే అంతే చెప్పే వీలు వెళ్లేవాడికి ఉండేది. ఇంత మర్యాదైన ప్రశ్న ఇంకే భాషలోనైనా ఉందా అని నేను చాలాకాలం వెతికాను.

వెతకడం నా వృత్తిలో భాగం. బరంపురంలో ముప్పై ఏళ్లకు పైగా కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయినవాణ్ణి. చైనీసు సంగతి మాత్రం మా చిన్నమ్మాయి పుణ్యం. 2016లో వైద్యం చదవడానికి చైనా వెళ్లింది. ఇక్కడ సీటు రాక, ప్రైవేటు కాలేజీల ఫీజు కట్టలేక అలా వెళ్లిన వేలమందిలో తనూ ఒకతె. పాఠాలు ఇంగ్లీషులోనే అయినా, ఆస్పత్రిలో రోగి పక్కన నిలబడితే చైనీసు రాక తప్పదు. ఆదివారం ఫోన్లో తను నాకొక చైనా జాతీయం చెప్పేది. నేను దానికి ఇంగ్లీషులో సాటి వెతికేవాణ్ణి. వాళ్లమ్మ రెండింటినీ కొట్టిపారేసి ఒక తెలుగు సామెత వేసేది. ఇలా మూడున్నరేళ్లు గడిచాయి. పిల్ల అక్కడ, మేమిక్కడ కాబట్టి ఆ కబుర్లలో వెళ్లడం గురించీ దూరం గురించీ ఎక్కువగా వచ్చేది.

ముందు ఇంగ్లీషు సంగతి చెప్తాను. "గుడ్ బై"లో మొదట "గుడ్" లేదు. "గాడ్ బి విత్ యే", దేవుడు నీకు తోడుండుగాక అన్న దీవెన అది. 16వ శతాబ్దం చివరికల్లా నోళ్లలో నాని కుదించుకుపోయింది. గుడ్ డే, గుడ్ ఈవెనింగ్‌ల సావాసంలో "గాడ్" కాస్తా "గుడ్" అయిపోయాడు. ఇప్పుడు దేవుణ్ణి నమ్మనివాడు కూడా రోజుకు పదిసార్లు తెలియకుండా ఆ దీవెన ఇస్తున్నాడు. "ఫేర్‌వెల్" కూడా అలాంటిదే. అందులో "ఫేర్" అంటే ప్రయాణం చెయ్యడం. బస్సు కండక్టరుకి మనమిచ్చే ఫేరు కూడా ఆ వేరు నుంచి పుట్టిందే. సుఖంగా ప్రయాణం చెయ్యమని అర్థం. మన పెద్దవాళ్లు "క్షేమంగా వెళ్లి లాభంగా రండి" అనేవాళ్లు. ఇంగ్లీషువాడు క్షేమం దగ్గర ఆపేశాడు. లాభం సంగతి, తిరిగి రావడం సంగతి ఆ మాటలో లేవు.

వాళ్లది ద్వీపం. పరాయి దేశానికి వెళ్లాలంటే ఓడ ఎక్కాల్సిందే. అందుకే వాళ్ల ప్రయాణపు మాటల్లో సముద్రపు ఉప్పు తగులుతుంది. చెప్పాపెట్టకుండా పారిపోవడాన్ని "కట్ అండ్ రన్" అంటారు. లంగరు ఎత్తే తీరిక లేక తాడు కోసేసి ఓడ నడిపించడం అది. ఏదైనా జరగబోతోందంటే "ఇన్ ద ఆఫింగ్" అంటారు. ఒడ్డున నిలబడితే కనిపించే సముద్రంలో దూరంగా ఉన్న భాగం పేరు ఆఫింగ్. అక్కడ ఓడ కనిపించిందంటే కాసేపట్లో రేవుకి వస్తుందని లెక్క. ఒక మనిషికి దూరంగా మసలడాన్ని "వైడ్ బెర్త్" ఇవ్వడమంటారు. ఓడకూ ఓడకూ మధ్య వదిలే జాగా అది. ఇక సెలవు తీసుకోకుండా విందులోంచి జారుకుంటే దానికి "ఫ్రెంచ్ లీవ్" అని పేరు. ఫ్రెంచివాళ్లు ఊరుకున్నారా? అదే పనిని వాళ్లు "ఇంగ్లీషువాడిలా జారుకోవడం" అంటారు. ఇలాంటి పొరుగు మర్యాదలు మన సరిహద్దు ఊళ్లలో ఉన్నవాళ్లకు కొత్తకాదు.

చైనావాళ్ల మాటలు చాలావరకు నేల మీద నడిచేవి. హాస్టలు చూసుకునే ఒకావిడ ఉండేది. చైనాలో ఆ వయసు ఆడవాళ్లను పిల్లలు "ఆయీ" అని పిలుస్తారు, అంటే మనం పిన్నిగారనో అత్తగారనో అన్నట్టు. మా అమ్మాయి గేటు దాటినప్పుడల్లా ఆవిడ "చ్యూ నార్?" అని అడిగేది. ఎక్కడికి అని! మొదటి ఏడాది పరీక్షకు వెళ్తున్న రోజు కూడా అడిగిందట. "వెనక్కి వచ్చి కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరాను నాన్నా" అని చెప్పింది అమ్మాయి. తర్వాత తెలిసింది, ఆ ప్రశ్నకు జవాబు అక్కర్లేదని. అది పలకరింపు. మన పల్లెల్లో "అన్నం తిన్నావా?" అని అడిగితే కూర వివరాలు చెప్పనట్టే, "బయటికి" అంటే చాలు.

ఇంకోటి. గదిలో ఉండే చైనా అమ్మాయి సెలవులకు ఊరెళ్తూ "వో త్సో ల" అంది. అక్షరాలా తెలుగు చేస్తే "నేను వెళ్లిపోయాను" అని. మా పిల్లకు గుండె గతుక్కుమంది. ఎందుకంటే చైనీసులోనూ మనిషి పోయినప్పుడు "త్సో ల" అనే అంటారు. మనం "పోయారు" అంటాం. ఇంగ్లీషువాళ్లు "పాస్‌డ్ అవే" అంటారు, పోయినవాళ్లను "ద డిపార్టెడ్" అంటారు. మూడు భాషలూ చావుకు ప్రయాణం మాటే వాడుకున్నాయి. కాకపోతే ఆ మాట చావును ముట్టుకుంది కాబట్టి గడప దగ్గర అనకూడదని మనం మానేశాం. వాళ్లు రెండుచోట్లా నిశ్చింతగా వాడుకుంటున్నారు.

అంతమాత్రాన వాళ్లకు పట్టింపులు లేవనుకోకండి. వాళ్ల భయాలన్నీ ఒకేలా పలికే మాటల దగ్గర ఉంటాయి. బేరిపండును "లీ" అంటారు. విడిపోవడానికి కూడా "లీ" అనే మాటే ఉంది. అందుకని భార్యాభర్తలు, స్నేహితులు ఒక బేరిపండును కోసి పంచుకోరు. గొడుగు "సాన్", చెదిరిపోవడమూ కాస్త స్వరం తేడాతో "సాన్". కాబట్టి గొడుగు కానుకగా ఇవ్వరు. పాతకాలంలో దీనికి ఎదురు నడిచిన ఆచారం కూడా ఉండేది. ఛాంగాన్ నగరానికి తూర్పున బా నది మీద వంతెన దాకా స్నేహితుణ్ణి సాగనంపి, అక్కడ విల్లో చెట్టు కొమ్మ విరిచి చేతికిచ్చేవాళ్లు. విల్లో పేరు "ల్యూ". ఉండిపొమ్మనే మాట కూడా "ల్యూ". వెళ్లొద్దని నోటితో అనలేక కొమ్మతో అనేవాళ్లన్నమాట. ఆ ఛాంగానే ఇప్పటి షియాన్.

దారి పొడవునా మండపాలు కూడా ఉండేవి. అయిదు "లీ"లకొకటి చిన్నది, పది "లీ"లకొకటి పెద్దది. ఇక్కడ "లీ" అంటే వాళ్ల దూరపు కొలత, ఇప్పటి లెక్కలో అర కిలోమీటరు. సాగనంపేవాళ్లు ఆ మండపం దాకా వచ్చి, అక్కడ కూర్చుని, ఓ గిన్నె సారా తాగి వెనక్కి మళ్లేవాళ్లు. మన పొలిమేర లాంటిదే అది. వెయ్యి లీలు సాగనంపినా చివరికి విడిపోక తప్పదు కదా అని వాళ్లకొక సామెత ఉంది. వెళ్లేవాడు "ఇంక ఆగండి" అని చెప్పడానికి అది మర్యాదైన మార్గం. మనకేమో "దయచేయండి" అనే ఒక్క మాట వచ్చేవాడికీ పనికొస్తుంది, పోవాల్సినవాడికీ పనికొస్తుంది. గొంతులో తేడా తెలుసుకోవడం చుట్టం వంతు.

తిండి విషయం కూడా చెప్పాలి. ఉత్తర చైనాలో రైలెక్కేవాడికి కుడుముల్లాంటి "జ్యావ్‌జ" పెడతారు, దిగి ఇంటికొచ్చినవాడికి నూడుల్స్ పెడతారు. కుడుము మూట కట్టినట్టు ఉంటుంది, ప్రయాణానికి మంచిది. నూడుల్స్ పొడుగ్గా తాళ్లలా ఉంటాయి, వచ్చినవాడి కాళ్లు కట్టేసి కొన్నాళ్లు ఇంట్లో ఉంచుతాయి. మా ఒడియా పొరుగువాళ్లు ప్రయాణానికి పెరుగూ చేపా శుభమంటారు. మా ఇంట్లో పెరుగు వరకు ఒప్పుకున్నాం.

ఇక దూరం. ఈ విషయంలో ఇంగ్లీషుకూ మనకూ చాలా దగ్గర చుట్టరికం. వాళ్లకు "స్టోన్స్ త్రో", మనకు రాతివేటు. వాళ్లకు "హెయిర్స్ బ్రెడ్త్", మనకు వెంట్రుకవాసి. వాళ్లకు "అవుటాఫ్ సైట్, అవుటాఫ్ మైండ్", మనకు కంటికి దూరమైతే మనసుకూ దూరం. ఒక్కచోట మాత్రం దారులు చీలాయి. మన కూతవేటు దూరం చాలా దగ్గర. పిలిస్తే పలుకుతారు. ఇంగ్లీషులో "ఫార్ క్రై" కూడా మొదట కూతకు సంబంధించిన దూరమే. ఇప్పుడు దానికర్థం, పోలికే లేనంత దూరమని. ఒకటే అరుపు, మనకు దగ్గర్నించి వినిపిస్తే వాళ్లకు దూరాన్నించి వినిపించింది.

చైనావాళ్లు దూరాన్ని చాలావరకు నాలుగు అక్షరాల్లో చెప్తారు. అలాంటి జాతీయాలను "ఛెంగ్‌యూ" అంటారు. వాళ్ల రాతలో ఒక్కో అక్షరం ఒక్కో మాట కాబట్టి నాలుగు అక్షరాల్లో ఒక కథే పడుతుంది. "థ్యెన్ యా హాయ్ జ్యావ్" అంటే ఆకాశపు అంచు, సముద్రపు మూల. భూమికి ఆ చివర అని. "జీ ఛీ థ్యెన్ యా" అంటే బెత్తెడు దూరంలోనే ఉన్నా ఆకాశపు అంచున ఉన్నట్టే అని. ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోని అన్నదమ్ముల గురించి, గోడకవతల ఉండి కలవలేనివాళ్ల గురించి ఇది అంటారు. వెయ్యి లీల దూరం నుంచి బాతు ఈక పంపడమని ఇంకోటి ఉంది. పూర్వం చక్రవర్తికి కానుకగా ఒక హంసను పట్టుకెళ్తున్న దూత, దారిలో దానికి నీళ్లాడిస్తుంటే అది ఎగిరిపోయిందట. చేతిలో మిగిలిన ఈకనే తీసుకెళ్లి సమర్పించుకున్నాడట. కానుక తేలికైనా దాన్ని మోసుకొచ్చిన ప్రేమ బరువైనదని భావం. సంక్రాంతికి మేం పంపిన అరిసెలు ముక్కలై చేరినప్పుడు మా అమ్మాయి ఈ మాటే చెప్పి నవ్వింది.

"బిడ్డ వెయ్యి లీలు నడిస్తే తల్లి దిగులు పడుతుంది" అన్న సామెత చెప్పినప్పుడు మాత్రం మా ఆవిడ పోటీగా తెలుగు సామెత వెయ్యలేదు. ఫోను నాకిచ్చి లోపలికెళ్లింది.

2020 జనవరిలో అమ్మాయి చలికాలపు సెలవులకు ఇంటికొచ్చింది. ఒక్క సూట్‌కేసుతో వచ్చింది, నెల రోజులకే కదా అని. గేటు దగ్గర ఆయీ "మాన్ త్సో" అందట. నెమ్మదిగా వెళ్లు అని దానర్థం. చుట్టాన్ని పంపేటప్పుడు చైనాలో ఇంటివాళ్లు అనే మాట అది. తొందరేముంది, చూసుకుని నడువు అన్నట్టు. మా అమ్మాయి "త్సై జ్యెన్" అంది. మళ్లీ చూద్దాం అని. నెల తిరిగేసరికి లోకం తలుపులు మూసుకుంది. మార్చి 28 నుంచి చైనా విదేశీయులను రానివ్వలేదు. అమ్మాయి డాబా మీద సిగ్నలు దొరికే మూల కూర్చుని ఫోన్లో వైద్యం చదివింది. శవాన్ని కోయకుండా, రోగిని ముట్టుకోకుండా చదివిన ఆ చదువుకు తర్వాత ఇక్కడ అదనంగా శిక్షణ పూర్తిచెయ్యాల్సి వచ్చింది.

హాస్టల్లో ఉండిపోయిన సామానును ఆయీ అట్టపెట్టెలో సర్ది, ఫోటో తీసి పంపింది. అన్నం వండుకునే కుక్కరు, పుస్తకాలు, మా ఆవిడ ఇచ్చిన దుప్పటి. పెట్టె మీద పేరు చైనీసులో రాసింది. వాళ్లిద్దరూ మాట్లాడుకునేది వీచాట్‌లో. 2020 జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఉంది. గల్వాన్ లోయలో ఇరవైమంది మన సైనికులు ప్రాణాలిచ్చిన నెల అది. ఆ నిర్ణయాన్ని మా ఇంట్లో ఎవరూ ప్రశ్నించలేదు. కానీ ఆయీకి వేరే నంబరు లేదు. ఉన్నా మా దగ్గర లేదు. "జీ ఛీ థ్యెన్ యా" అంటే ఏమిటో నాకు అప్పుడు పూర్తిగా బోధపడింది. చేతిలో ఉన్న ఫోనే ఆకాశపు అంచు అయిపోయింది.

2022 ఆగస్టులో విద్యార్థులకు వీసాలు మళ్లీ మొదలుపెట్టారు. అప్పటికి అమ్మాయి చదువు అయిపోయింది. వెళ్లే పని లేదు. "నాన్నా, నేను త్సై జ్యెన్ అన్నాను, చూళ్లేదు. ఆయీ నెమ్మదిగా వెళ్లమంది, నేను రానేలేదు" అంది ఒకసారి. "వెళ్ళొస్తానని చెప్పి వెళ్లినవాళ్లలో ఎంతమంది వచ్చారమ్మా?" అన్నాను. మా పెదనాన్నగారి పిల్లలు ఒక్కొక్కరే విశాఖపట్నం వెళ్లి స్థిరపడ్డారు. అందరూ ఈ గడపలోనే నిలబడి వెళ్ళొస్తామన్నారు. ఇల్లు అమ్మిన రోజు సంతకానికి వచ్చారు, అంతే. అయితే వాళ్లు అబద్ధమాడారా? నాకలా అనిపించదు. వెళ్ళొస్తాననడం వాగ్దానం కాదు, ఉండేవాళ్లను ఆ పూటకు ఓదార్చడం. గుడ్ బైలో దేవుడున్నట్టే అందులో తిరిగి రావడం ఉంది. నిజమైనా కాకపోయినా ఆ మాట ఇచ్చి వెళ్లడం మర్యాద.

పరాయి నేల మీద స్థిరపడినవాళ్ల గురించి చైనావాళ్లకు మూడు మాటలున్నాయి. ఊరొదిలి పోవడాన్ని "బెయ్ జింగ్ లీ ష్యాంగ్" అంటారు, అంటే నూతికి వీపు పెట్టి ఊరు విడవడం. తాను నీళ్లు తాగిన నుయ్యే వాళ్లకు ఊరి గుర్తు. ముసలితనంలో సొంతూరు చేరడాన్ని రాలిన ఆకు వేరు దగ్గరికి చేరడమంటారు. మూడోది, గింజ పడ్డచోటే వేళ్లూనడం. పరదేశాల్లో ఉన్న చైనావాళ్లు తరం మారేకొద్దీ రెండో మాట విడిచి మూడోది పట్టుకున్నారు. మనకు దగ్గర్లో కలకత్తా టాంగ్రాలో ఉన్న చైనావాళ్లనే చూడండి. 18వ శతాబ్దం చివర్లో వాళ్లవాళ్లు మొదటిసారి హుగ్లీ ఒడ్డున దిగారు. తోళ్ల పని చేసుకుని బతికారు. 1962 యుద్ధమప్పుడు దేశంలోని ఎన్నో చైనా కుటుంబాలను రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి తరలించారు. వేళ్లూనిన చెట్టును నువ్వు గింజవేనని అన్నట్టయింది. ఆ తర్వాత చాలామంది కెనడాకు వెళ్లిపోయారు.

మన సంగతేమిటి? మీలో కొందరి పూర్వులు విజయనగర సైన్యంతోనో, పట్టుమగ్గాలతోనో తమిళదేశం చేరారు. వాళ్లది గింజ కథ. మాది ఈ మూడింటిలో ఏదీ కాదు. మా తాత పుట్టినప్పుడు బరంపురం మద్రాసు రాజధానిలోది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి గంజాం జిల్లా అందులో కలిసింది. ముప్పై కిలోమీటర్ల లోపు దూరంలోని ఇచ్ఛాపురం అటుండిపోయింది. తాత నూతికి వీపు పెట్టలేదు. చెట్టు కదల్లేదు, కంచె కదిలింది. యానాంలో ఉన్న మీలాంటివాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. ఇలా ఎక్కడికీ వెళ్లకుండా దూరమైనవాళ్లకు ఇంగ్లీషులోగానీ చైనీసులోగానీ నాకు జాతీయం దొరకలేదు. తెలుగులో కూడా లేదు.

మా పెద్దబ్బాయి కొడుకు ఒడియా బడిలో చదువుతున్నాడు. పొద్దున్నే సంచీ తగిలించుకుని వాళ్ల మామ్మతో "ఆసుఛి" అని పరుగెత్తుతాడు. వెళ్ళొస్తానని చెప్పరా అని ఆవిడ వెనకనించి కేకేస్తుంది. నేను ఇద్దరి మధ్యా నలుగుతాను. భావం చెక్కుచెదరకుండా వాడి నోట ఉంది కదా, మాట మారితేనేం అని ఒక మనసు. ఈ మాట కూడా పోతే ఇంక మా ఇంట్లో తెలుగు గడప దగ్గరికి కూడా రాదేమోనని ఇంకో మనసు. పోటీ పెట్టకూడదని చివరికి తేల్చుకున్నాను. వాడు వీధిలోకి ఒడియాలో వెళ్లొచ్చు. ఇంటిలోకి మాత్రం తెలుగులో రావాలి. "వచ్చాను మామ్మా" అన్నాకే పలహారం. ఈ ఏర్పాటు రెండేళ్లుగా నడుస్తోంది.

మా అమ్మాయి ఇప్పుడు ఆంధ్రలో ఒక ఆస్పత్రిలో పనిచేస్తోంది. ఆదివారం ఫోన్లు అలాగే ఉన్నాయి. ఫోను పెట్టెయ్యడానికి ఇంగ్లీషువాడు "హ్యాంగ్ అప్" అంటాడు, చైనావాడు "గ్వా ల" అంటాడు, రెండూ తగిలించడమే. వెనకటికి రిసీవరును కొక్కేనికి తగిలించేవాళ్లు కదా, ఆ మాట మిగిలిపోయింది. మనం మాత్రం అలా అనం. గడప దగ్గర వెళ్ళొస్తానని చెప్పే మనం, ఫోన్లో సెలవు తీసుకునేటప్పుడు "ఉంటాను" అంటాం. వెళ్లేటప్పుడు ఉంటాననే జాతి ఇంకోటి ఉందేమో నాకు తారసపడలేదు. మా అమ్మాయి "ఉంటాను నాన్నా" అంటుంది. "మంచిదమ్మా" అంటాను. అటు ఆవిడ రోగులున్నారు, ఇటు వాడి పలహారం వేళయింది.